శాలిహుండం కొండకి చలికాలపు నడక: 600 రూపాయలకి గిట్టుబాటేనా?

వంశధార ఒడ్డున పాత బౌద్ధ కట్టడాలున్న శాలిహుండం కొండకి శ్రీకాకుళం నుంచి చలికాలం వారాంతాల్లో కొందరు కుర్రాళ్లు గైడుతో నడక ఏర్పాటు చేస్తున్నారు. మనిషికి 600 రూపాయలు, వ్యాను, టిఫిను అందులోనే. 20 కిలోమీటర్ల లోపు ఉన్న కొండకి బండి తీస్తే మనమే వెళ్లి చూసొస్తాం కదా, ఈ 600 ఎందుకు దండగ అని మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మొత్తానికి నేను, మా ఆవిడ, అత్తయ్యగారు వెళ్లొచ్చాం. ఈ నడక ఏర్పాటు చేసినవాళ్ల పేరు మాత్రం ఇక్కడ రాయను, మెచ్చుకోవడానికి ఎంతుందో తిట్టడానికీ ఇంచుమించు అంతే ఉంది.

ముందు తిట్లే కానిచ్చేద్దాం. తెల్లారకుండానే వీధి చివర నిలబడమన్నారు, వ్యాను వచ్చేసరికి పాలవాడు, పేపరువాడు ఇద్దరూ వెళ్లిపోయారు. ఫోన్ చేసినప్పుడల్లా "రెండు నిమిషాలు సార్, దగ్గర్లోనే ఉన్నాం" అనే మాట తప్ప ఇంకోటి లేదు. ఆలస్యమైతే ఏమైంది అనుకోకండి. ఈ కొండకి చలికాలంలో పొద్దున్నే వెళ్లేదే వంశధార మీద మంచు చూడ్డానికి, ఎండ పొడ గట్టిగా తగిలిందంటే అది ఇట్టే విడిపోతుంది. మేం వెళ్లేసరికి నది అవతలి గట్టు దగ్గర ఏదో కాస్త పొగలాగా మిగిలింది. ఇక వేసవిలో అయితే అసలు వద్దు, పైన నీడ తక్కువ, ఇటుకలు కాగిపోతాయి.

నడిపించే దారి మాత్రం బాగా ఎంచుకున్నారు. వ్యాన్లో నేరుగా కొండ కిందికి తీసుకెళ్లకుండా కాస్త ముందే దింపేసి తోటల్లోంచి తీసుకెళ్తారు. మొదట సరుగుడు తోపు, గాలి లేదనుకున్న రోజున కూడా పైన హోరుమంటూనే ఉంటుంది, కింద రాలిన ఆకు మెత్తగా ఉండి అడుగుల చప్పుడే వినిపించదు. అది దాటితే జీడితోటలు, కొమ్మలు నేలకి వాలి ఉంటాయి కాబట్టి పొడుగువాళ్లు వంగి నడవాల్సిందే. తర్వాత పొలాలు, కోతలైపోయి కుప్పలు వేసి ఉన్నాయి, కళ్లంలో పని చేసుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి "బేగి నడవండి బాబూ, ఎండెక్కిపోద్ది" అన్నాడు, ఆ మాటేదో వ్యాను డ్రైవరుకి చెప్పాల్సింది. చెప్పులతో వెళ్లకండి, బూట్లు వేసుకోండి. ఉత్తరేణి గింజలు ప్యాంటు అంచులకి పట్టుకుంటే ఇంటికొచ్చాక కూర్చుని ఒక్కొక్కటీ పీక్కోవాలి. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులని ముందే చెబితే ఆవిణ్ని వ్యాన్లోనే కొండ కింద దాకా తీసుకెళ్లారు, అడక్కుండానే ఆవిడ కోసం ఒక కుర్చీ కూడా వేశారు. ఇది రాయకపోతే పాపం.

కొండ పెద్ద ఎత్తేం కాదు. ఎక్కుతుంటే దారికి అటూ ఇటూ ఇటుక కట్టడాల అడుగుభాగాలు, చిన్న చిన్న స్తూపాలు, పై భాగాన మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం. గైడు లేకుండా వెళ్తే నిజం చెప్పాలంటే ఇవన్నీ ఇటుక దిబ్బలే, పది నిమిషాల్లో చూసేసి ఫోటోలు దిగి వచ్చేస్తాం. మాతో వచ్చిన గైడు కుర్రాడు ఒక గోడ దగ్గర అందరినీ ఆపి, "మాట్లాడకండి, చెయ్యి ఆనించి నడవండి" అన్నాడు. నడిచాం. తిన్నగా పోతున్న గోడ చివరికి వచ్చేసరికి అరచేతి కిందే మెల్లగా గుండ్రంగా తిరిగిపోయి అవతలి వైపుకి వచ్చేసింది. చైత్యగృహమట, అంటే బౌద్ధుల ప్రార్థనా మందిరం, వెనక భాగాన్ని ఏనుగు వీపులా కడతారు కాబట్టి గజపృష్ఠం అంటారని అప్పుడు చెప్పాడు. ముందే చెప్పుంటే ఊఁ కొట్టి వదిలేసేవాళ్లం. నా లెక్కలో 600లో 400 ఆ గోడకే చెల్లు.

ఈ చోటుని 1919లో మొదట గుర్తించింది గిడుగు రామమూర్తి గారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగుగానే మనకి తెలుసు, సవర భాష మీద పనిచేశారనీ కొందరికి తెలుసు, ఈ సంగతి మాత్రం మా జిల్లాలోనే చాలామందికి తెలీదు. తర్వాత తవ్వకాల్లో స్తూపాలు, ధాతు పేటికలు (పవిత్ర అవశేషాలు దాచే పెట్టెలు), విగ్రహాలు బయటపడ్డాయి, క్రీ.పూ. 2వ శతాబ్దం నుంచి క్రీ.శ. 12వ శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం నడిచింది, అంటే బౌద్ధంలోని థేరవాదం, మహాయానం, వజ్రయానం అనే మూడు శాఖల ఆనవాళ్లూ ఒకే కొండ మీద ఉన్నాయన్నమాట. ఇంతవరకు గైడు బాగానే చెప్పాడు. అక్కడితో ఆగితే బాగుండేది. అశోకుడు స్వయంగా వచ్చి ఇక్కడ బస చేశాడని మొదలెట్టాడు. కళింగలో అశోకుడి శాసనాలు గట్టిగా చూపించగలిగేది ధౌలిలో, జౌగడలో, రెండూ ఒడిశాలోనే. ప్రతి పాత ఇటుకకీ ఒక చక్రవర్తిని అంటగట్టకపోతే జనం వినరని ఎవరు చెప్పారో వీళ్లకి. ఇంకొంచెం ఉంటే బుద్ధుడి దంతం కథ కూడా ఈ కొండకే ఎక్కించేవాడు, అది కళింగలో బుద్ధుడి దంతాన్ని ఉంచి పూజించారని చెప్పే దంతపురం అనే పాత నగరం కథ, సరుబుజ్జిలి మండలం దంతవరపుకోటలో ఉన్న మట్టికోటే ఆ దంతపురం అని కొందరు, కాదని కొందరు ఎప్పట్నించో వాదించుకుంటున్నారు.

మ్యూజియం కొండ దగ్గరే ఉంది. అక్కడ మారీచి విగ్రహం గురించి చెబుతూ, సూర్యుడి రథానికి ఏడు గుర్రాలుంటే ఈవిడ రథానికి ఏడు పందులు అన్నాడు. అత్తయ్యగారు ప్రతి రథసప్తమికీ అరసవల్లి వెళ్లే మనిషి, "మరి ఈవిడ సూర్యుడికి ఏమవుతుంది నాయనా?" అని అడిగారు. కుర్రాడు తడుముకోకుండా, "తెల్లవారు వెలుగుకి దేవతండి, బౌద్ధుల్లో" అన్నాడు. ఆవిడ ఇంకక్కణ్నించి కదిల్తే ఒట్టు. ఇంత మంచి చోట ఇరవై నిమిషాలే ఇచ్చి, తిరుగు ప్రయాణంలో కళింగపట్నం బీచిలో సెల్ఫీలకి గంట వదిలేశారు. నేనైతే ఆ రెండు టైములూ తారుమారు చేస్తాను.

టిఫిను గురించి రెండు ముక్కలు. ఇడ్లీ చల్లారిపోయింది, అల్లం చట్నీ పర్లేదు. దారిలో ఒకామె కాల్చిన తేగలు అమ్ముతుంటే కొనుక్కుని తిన్నాం, అదే అసలు టిఫిను. బాత్రూం సంగతి బయల్దేరేముందే గట్టిగా అడిగి తెలుసుకోండి, మాకు సరిగ్గా చెప్పలేదు, ఆడవాళ్లు ఇబ్బంది పడ్డారు.

5కి మూడున్నర ఇస్తాను. అది కూడా గైడుకే, వ్యానుకి సున్నా. వాళ్ల దగ్గర గైడులు ఇద్దరున్నారట, మా వెనక బ్యాచిని తీసుకొచ్చినాయన మైకులో జోకులేసుకుంటూ పావుగంటలో అందర్నీ కిందికి దింపేశాడు. బుక్ చేసేముందు ఏ గైడు వస్తున్నాడో అడగండి, గోడ మీద చెయ్యి పెట్టించే కుర్రాడే కావాలని చెప్పండి. విజయనగరం నుంచి వచ్చేవాళ్లయితే ముందురోజు రాత్రే శ్రీకాకుళం చేరుకోండి, లేకపోతే ఆ కాస్త మంచూ దక్కదు.