టీ బండికి ఏ స్టీల్ కప్పు పనికొస్తుంది: ఐదు నెలలు రెండు కప్పులు వాడాక చెప్తున్నా

మా ఆఫీసు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర, రోజుకి మూడు టీలు ఖాయం, మూడూ కింద బండి దగ్గరే. ఈ వేసవిలో కాలవలకి నీళ్ళు ఆపేసినప్పుడు ఒక రోజు బందరు కాలవ వంతెన మీద ఆగి కిందకి చూశా, నీళ్ళున్నప్పుడు ఏమీ కనపడదు గానీ అడుగు బయటపడ్డాక చూడాలి, బురదలో సగం దిగిపోయి ఎక్కడ చూసినా పేపర్ కప్పులే. వాటిల్లో నేను తాగి పడేసినవి ఎన్ని ఉన్నాయో అనిపించి చాలా బాధేసింది, ఆ రాత్రే ఆన్‌లైన్లో మూత ఉన్న స్టీల్ కప్పు ఒకటి ఆర్డర్ పెట్టా.

799 రూపాయలు, 350 ఎమ్మెల్. కప్పుగా చూస్తే మంచిదే, లోపల 304 స్టీలు, అంటే తుప్పు పట్టని రకం, రెండు గోడల మధ్య గాలి తీసేసిన రకం, బయట చేతికి వేడి తగలదు, నిండా పోసి మూత పెడితే గంటన్నర తర్వాత కూడా కాఫీ వేడిగానే ఉంటుంది. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే అది పెద్ద కాఫీ షాపుల్లో మగ్గుడు కాఫీ కొనేవాళ్ళ కోసం చేసింది, మన బండి టీ ఎంతండీ, ఎనభై తొంభై ఎమ్మెల్, అంత కప్పులో పోస్తే అడుగున రెండు వేళ్ళెత్తు కూడా ఉండదు. మొదటి రోజు కప్పు చాపితే బండి బాబాయ్ కాసేపు దాని లోపలికి చూసి "ఇందులో ఎంత పోయాలో అర్థం కావట్లేదమ్మా" అన్నాడు, అని ఏం చేశాడంటే పేపర్ కప్పు ఒకటి తీసి దాన్నిండా టీ పోసి, ఆ టీ నా స్టీల్ కప్పులో వంచి, పేపర్ కప్పు డబ్బాలో పడేశాడు. నాకు నోట మాట రాలేదు. ఆయన తప్పేం లేదు, ఆయన కొలతే ఆ కప్పు, రోజుకి వందల టీలు పోసే చెయ్యి దానికి అలవాటు పడిపోయింది. మర్నాటి నుంచి అంచనాగా పొయ్యమన్నా, ఒకరోజు సగం, ఒకరోజు ఒకటిన్నర, రద్దీలో ఆయనకీ చిరాకు, వెనక నిలబడ్డవాళ్ళకీ చిరాకు.

ఇంకోటి మూత. మూత లోపల సిలికాన్ రింగు ఉంటుంది, దాని సందులో పాలు చేరి సాయంత్రానికి పులిసిన వాసన. రోజూ రింగు ఊడదీసి వేడినీళ్ళల్లో కొంచెం వంట సోడా వేసి నానబెడితేనే పోతుంది, పైపైన కడిగితే లాభం లేదు. మూడో నెలలో ఆ రింగు సాగిపోయింది, విడిగా అమ్మరా అని కంపెనీకి మెసేజ్ పెడితే కొత్త కప్పు కొనుక్కోమన్నారు. చెత్త తగ్గుతుందని చెప్పి అమ్మే వస్తువుకి పది రూపాయల రబ్బరు ముక్క విడిగా ఇవ్వకపోతే ఎలా, దీనికి మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది.

రెండో కప్పు వన్‌టౌన్లో స్టీల్ సామాన్ల కొట్టులో దొరికింది, 180 రూపాయలు, పేరూ గీరూ ఏం లేదు, 150 ఎమ్మెల్, డబుల్ వాల్, నొక్కితే పట్టుకునే మామూలు మూత. నా దృష్టిలో బండి టీకి ఇదే సరైన కప్పు. బాబాయ్‌కి మొదటిసారే కొలత దొరికింది, "కంఠం దాకా పోస్తే ఒక టీ అమ్మా" అని ఆయనే గుర్తు పెట్టుకున్నాడు. ఇప్పుడు నన్ను చూడగానే పేపర్ కప్పుల కట్ట మీదకి చెయ్యి పోదు, కప్పు మిగిలింది కదా అని ఒక గుక్క ఎక్కువే పోస్తాడు, తాగాక మరిగే నీళ్ళు కొంచెం వేసి కడిగిస్తాడు. లోపాలు లేవని కాదు, మూత పూర్తిగా బిగుసుకోదు, బ్యాగులో టీతో పెట్టుకుంటే కారుతుంది, వేడి కూడా అరగంటే. కానీ బండి దగ్గర నిలబడి ఐదు నిమిషాల్లో తాగేసే టీకి గంటన్నర వేడి ఎందుకు.

పేపరే కదా మట్టిలో కలిసిపోతుంది అని మా ఆఫీసులో చాలామంది అన్నారు, నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నా. వట్టి పేపరైతే టీ పోసిన కాసేపటికి నానిపోవాలి కదా, నానట్లేదంటే లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంది, దాన్ని కాగితం నుంచి విడదీయడం కష్టం, అందుకే పాత పేపర్లు కొనేవాళ్ళు వీటిని ముట్టుకోరు. 2020లో ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ళు పరీక్ష చేస్తే, వంద ఎమ్మెల్ వేడి నీళ్ళు పోసి పదిహేను నిమిషాలు ఉంచితే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ ముక్కలు నీళ్ళల్లోకి వచ్చాయని తేలింది. బండి దగ్గర అంతసేపు ఎవరూ ఉంచరు సరే, కానీ టేబుల్ మీద పెట్టుకుని పని చేస్తూ తాగే కాఫీ అంతసేపు ఉంటుంది కదా. 2022 జూలై 1 నుంచి దేశమంతా ఒకసారి వాడి పడేసే ప్లాస్టిక్ గ్లాసులు నిషేధించారు గానీ ఈ పేపర్ కప్పులు ఆ జాబితాలో లేవు.

మట్టి కప్పులు కూడా చూశా. టీ రుచి బాగుంటుంది, ఒప్పుకుంటా, కానీ కాల్చిన మట్టి మళ్ళీ మామూలు మట్టిలా కరగదు, పెంకుల్లా పడుంటుంది, కాల్చడానికి కట్టెలూ కావాలి, ఒక్క టీకి వాడి పగలగొట్టడం నాకు మనసొప్పదు. తినే కప్పులో ఒకసారి తాగా, బిస్కెట్‌లా బాగానే ఉంది, అయితే కప్పు రేటు టీ రేటుని దాటిపోతుంది, రోజూ కుదరదు.

స్టీల్ కప్పు కొనగానే ఏదో అయిపోదు, వాడాలి. 1994లో కెనడాలో మార్టిన్ హాకింగ్ అనే ప్రొఫెసర్ వేసిన లెక్కలో పింగాణీ కప్పు 39 సార్లు వాడితేనే, తయారీకీ కడగడానికీ పట్టే శక్తిలో పేపర్ కప్పుతో సమానం అవుతుంది. అది పింగాణీ లెక్క, నా స్టీల్‌ది ఎంతో గానీ, మర్చిపోయిన రోజులు, సెలవులు తీసేసినా ఈ ఐదు నెలల్లో రెండూ కలిపి మూడొందల టీలు దాటాయి. మర్చిపోకుండా ఉండాలంటే కడిగాక వంటింట్లో పెట్టొద్దు, మీరు నడిపే బండి తాళాల పక్కనే పెట్టండి, నాకు అదొక్కటే పనిచేసింది.

పెద్దది ఇప్పుడు ఇంట్లో నాన్నకి ఇచ్చేశా, పొద్దున్నే అరకు కాఫీ నిండా పోసుకుని పేపర్ చదివినంతసేపు తాగుతారు, ఆయనకి మూతతో పనే లేదు. చిన్న కప్పులు మా సెక్షన్ వాళ్ళు ఆరు తెమ్మన్నారు, శనివారం వన్‌టౌన్ వెళ్తున్నా. ఈసారి కొట్లోనే ఒక్కోదాంట్లో నీళ్ళు పోసి మూత నొక్కి తలకిందులు చేసి చూసి, తక్కువ కారేవి ఏరి తెస్తా. మీరు కొన్నా అలాగే చూసి తీసుకోండి, కొట్టువాళ్ళు ఏమీ అనుకోరు.