సరిహద్దు దాటి పాత మినీ ట్రాక్టర్ కొనబోయే గజపతి, రాయగడ జిల్లాల వారికి హెచ్చరిక

ఒడిశా వైపు నుంచి ఆంధ్రకు వెళ్లి పాత ట్రాక్టర్ కొనాలనుకుంటున్న తెలుగువారు బయానా ఇచ్చేలోగా దయచేసి ఇది చదవండి. సరిహద్దు దాటాక రోడ్డు పక్కన బండ్లు వరసగా నిలబెట్టి అమ్మే యార్డు మీలో చాలామందికి తెలిసినదే కాబట్టి పేరు రాయడం లేదు. మా జీడి, కొబ్బరి తోటలో అంతరకృషికి, నీళ్ల ట్యాంకు లాగడానికి అక్కడే 22 హెచ్‌పీ మినీ ట్రాక్టర్, రోటావేటర్ (తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే పరికరం) కొన్నాము. అద్దెకు దొరికే 45 హెచ్‌పీ బండ్లు కిందికి వంగిన జీడికొమ్మల మధ్య తిరగలేవు గనుక చిన్నబండి మాకు తప్పనిసరి.

యార్డులో ఖాళీ బండిని నడిపి చూపించారు. మీటర్‌లో 1000 గంటలు కూడా లేవు. తోటలో రోటావేటర్ నేలకు దించగానే ఇంజన్ హోరు తగ్గకుండానే బ్లేడ్లు నిలిచిపోయాయి. పీటీఓ (ఇంజన్ శక్తిని రోటావేటర్‌కు అందించే షాఫ్టు) క్లచ్ ప్లేటు పూర్తిగా అరిగిపోయిందనీ, మీటర్ కొత్తగా బిగించినదనీ మెకానిక్ చెప్పాడు. అది డబ్బు పెడితే బాగయ్యే లోపం.

అసలు దెబ్బ కాగితాల దగ్గర తగిలింది. లోను తీరిపోయిందని, ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి ఆర్‌టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం) తానే ఇంటికి తెచ్చి ఇస్తానని నమ్మబలికి, యార్డులో బండి అమ్మినతను మొత్తం సొమ్ము తీసుకున్నాడు. తీరా చూస్తే ఆర్‌సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉంది, బాకీ కూడా ఉంది. ఫైనాన్సరు ఒప్పుకోనిదే ఎన్‌ఓసీ రాదు, అది లేనిదే ఒడిశాలో బండి మా పేరు మీదికి మారదు. సొమ్ము తీసుకున్న రోజున మా నాన్నగారిని "పెదనాన్నా" అని పిలిచి టీ తెప్పించిన ఆ మనిషే, ఇదేమిటని అడగడానికి వెళ్లినప్పుడు కూర్చోమని కూడా అనకుండా, అందరి ముందూ "బండి తోలుకుపోయారు కదా, ఇంకా గొడవేటి? ఒడిశావోలు మీరు, ఎవలితో చెప్పుకుంటారో చెప్పుకోండి" అన్నాడు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది గానీ, మన పెళ్లిళ్లు, సంతలు, ఆసుపత్రులు నేటికీ రెండు వైపులా కలిసే ఉన్నాయి. ఆ గీతను చూపించి ఒక పెద్దాయనను అంత మాట అనడం నేను క్షమించలేను.

ఎవరితో చెప్పుకోవాలో చట్టంలోనే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు తాను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, ఆంధ్రకు తిరగనక్కరలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. మేము గజపతి జిల్లా కమిషన్‌కే వెళుతున్నాము.

కొనేవారు కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ పోర్టల్‌లో బండి మీద ఫైనాన్స్ ఉందేమో ముందే చూసుకోండి. లోను తీరిందని ఫైనాన్సరు సంతకం చేసిన ఫారం 35, ఆర్‌టీఓ ఇచ్చిన ఎన్‌ఓసీ చేతికి వచ్చేదాకా సొమ్ములో పెద్ద భాగం ఆపండి. రోటావేటర్‌ను గట్టినేలలో దించి, పీటీఓ నిమిషానికి 540 చుట్ల వేగం మీద కాసేపు పని చేయించి చూడకుండా బేరం ఒప్పుకోకండి. ఆ యార్డులోనే కొని ఎన్‌ఓసీ రానివారు ఉంటే ఇక్కడ తెలియజేయండి, ఫిర్యాదులో మీ సంగతి కూడా జతచేస్తాము.