ఆటోనగర్‌లో టైమింగ్ బెల్ట్ పని: ఆలస్యమైనా గట్టి పని

సెకండ్ హ్యాండ్‌లో కొన్న మా డీజిల్ కారు హైవే మీద ఉన్నట్టుండి ఆగిపోయింది, సెల్ఫ్ కొడితే ఇంజన్ ఎప్పటికన్నా తేలిగ్గా గిర్రున తిరుగుతుందే తప్ప స్టార్ట్ కాదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక గ్యారేజీకి లాక్కెళ్లాం. మెకానిక్ కవర్ విప్పి టైమింగ్ బెల్ట్, అంటే ఇంజన్‌లో క్రాంక్ తిరుగుడుతో క్యామ్‌షాఫ్ట్‌ని తిప్పే పళ్ల బెల్ట్, చూపించాడు, పళ్లు ఊడి, అంచులు పీచులు పీచులుగా లేచి ఉంది.

బెల్ట్ తెగినా, ఇలా పళ్లు ఊడినా వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ ఆగిపోతుంది, పిస్టన్లని ఆడించే క్రాంక్ మాత్రం బండి ఊపుకి ఇంకా తిరుగుతూనే ఉంటుంది కదా, దాంతో తెరుచుకుని ఉండిపోయిన వాల్వుల్ని పిస్టన్లు కింద నుంచి గుద్దేస్తాయి. అన్ని ఇంజన్లలో ఇలా తగలవు, మాది తగిలే రకం, ఖర్మ. హెడ్ (వాల్వులుండే ఇంజన్ పై భాగం) దించితే పిస్టన్ల నెత్తిన చంద్రవంకల్లా గాట్లు, వాల్వులేమో వంగిపోయి ఉన్నాయి.

వీళ్లలో నచ్చిందేంటంటే బెల్ట్ ఒక్కటే వేసి చేతులు దులుపుకోలేదు, హెడ్ వంగిందేమోనని లెవెల్ చెక్ చేయించారు, బెల్ట్‌ని బిగువుగా పట్టే టెన్షనర్, దాన్ని దారిలో నడిపే ఐడ్లర్ చక్రం, వాటర్ పంపు కూడా మార్చారు, పాత సామాను సంచిలో వేసి ఇచ్చారు. చెప్పిన టైముకి మాత్రం ఇవ్వరు, ఫోన్ ఎత్తరు, జీఎస్టీ బిల్లు అడిగితే మొహం చిట్లిస్తారు. ఇంజన్ పనికైతే కళ్లు మూసుకుని ఇవ్వొచ్చు.