కుక్క ఎముకలో గుల్ల: సొంత ఎముకతో నింపితే మేలా, కొన్న గుళికలతోనా?

ఏడాది నిండిన మా డాబర్‌మాన్ రాణి ముందు కాలు కుంటుతుంటే రాజాంలో ఇంటిల్లిపాదీ బెణుకే అనుకున్నాం. అత్త పసుపు పట్టు కూడా వేసింది. ఎక్స్‌రేలో చూస్తే మణికట్టుకి పైన ఎముక లోపలంతా గుల్ల.

"క్యాన్సరా డాక్టరు గారూ?" అని అడిగితే, "ముక్క తీసి పరీక్షకి పంపాకే చెప్పగలనమ్మా" అన్నారు. కుక్కల ఎముకల్లో పుట్టే గడ్డల్లో ఆస్టియోసార్కోమా అనే క్యాన్సరే ఎక్కువ. అందుకే బయాప్సీ చేయకుండా ఏ గుల్లనీ నింపకూడదు. రిపోర్టు వచ్చేదాకా మాకు నిద్ర లేదు. చివరికి అది క్యాన్సర్ కాదు, మామూలు తిత్తే (సిస్ట్, ఎముక లోపల ఏర్పడే సంచి లాంటి గుల్ల) అని తేలింది.

నొప్పి లేని చిన్న తిత్తిని కనిపెట్టుకుని ఉంటే చాలట. రాణి ఎముక గోడ పల్చబడింది, గెంతితే విరిగిపోవచ్చు. కాబట్టి గోకి శుభ్రం చేసి నింపాల్సిందే. దేనితో?

సొంత ఎముక అంటే భుజం ఎముక పైభాగం నుంచో, తుంటి నుంచో తీసే మెత్తటి స్పాంజి లాంటి ఎముక. అందులో బతికున్న కణాలుంటాయి, కొత్త ఎముకని పుట్టించే శక్తీ ఉంటుంది. శరీరం దాన్ని పరాయిదిగా చూడదు. కాకపోతే రెండో చోట కోత, ఇంకాస్త నొప్పి, మత్తులో ఎక్కువసేపు ఉంచడం తప్పవు. చిన్న కుక్కల్లో సరిపడా దొరకదు కూడా.

కొన్న గుళికలంటే ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనే, ఎముకలోని ఖనిజం లాంటి పదార్థంతో చేసినవి. వాటికి రెండో కోత అక్కర్లేదు, కావలసినంత దొరుకుతాయి. కానీ అవి బీరతీగకి వేసే పందిరి లాంటివి. తీగ లాంటి కొత్త ఎముక మాత్రం గుల్ల చుట్టూ ఉన్న మంచి ఎముక నుంచే పాకాలి. ఇంకో కుక్క నుంచి సేకరించి శుద్ధి చేసిన ఎముకలోనూ బతికున్న కణాలుండవు.

నన్నడిగితే, గుల్లకి సరిపడా దొరికితే సొంత ఎముకే మేలు. గుల్ల పెద్దదైతే సొంత ఎముకలో గుళికలు కలపమని అడగండి. మేం సొంత ఎముకే పెట్టించాం.

ఒక్క సంగతి మర్చిపోకండి: గుళికలు మొదటి రోజు నుంచే ఎక్స్‌రేలో తెల్లగా కనబడతాయి. ఆ తెలుపు చూసి ఎముక కట్టేసిందనుకుని గొలుసు విప్పొద్దు. తిత్తి మళ్ళీ రావచ్చు కూడా, అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్ళీ ఎక్స్‌రే తీయించాలి. అన్నాళ్ళూ రాణిని అరుగు మెట్లు కూడా దిగనివ్వలేదు, ఇద్దరం ఎత్తుకునే దింపాం.