ప్లంబింగ్ కుర్రాళ్లను ఏసీ, ఫ్రిజ్, హీటింగ్ కోర్సులో చేర్పిస్తున్నారా? ఫీజు కట్టేముందు ఇది చదవండి

నా దగ్గర ప్లంబింగ్ నేర్చుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లను ఒక ట్రైనింగ్ సెంటర్‌లో చేర్పించాను. ఏసీ, రిఫ్రిజిరేషన్, హీటింగ్ మూడూ కలిపి నేర్పుతాం, పూర్తిగా ప్రాక్టికల్ అన్నారు. ఫీజు నేనే కట్టాను. పిల్లలు చేతికి పని రాకుండానే సర్టిఫికెట్ పట్టుకుని వచ్చారు. సెంటర్ పేరు రాయడం లేదు, అలాంటి కోర్సును ఎలా గుర్తుపట్టాలో తెలిస్తే మీకు ఎక్కువ పనికొస్తుంది.

వాళ్ల దృష్టిలో ప్రాక్టికల్ అంటే ఒకే ఒక ఏసీ యూనిట్ చుట్టూ బ్యాచ్ మొత్తాన్ని నిలబెట్టి సారు చేస్తుంటే చూడమనడం. ముందు నిలబడ్డవాళ్లకు కనిపిస్తుంది, వెనకున్నవాళ్లు చేతులు పైకెత్తి ఫోన్లో వీడియో తీసుకుంటారు. పైపులు అతికే గ్యాస్ మంట టార్చ్ పట్టుకునే అవకాశం మా వాళ్లలో ఒకడికి ఒక్కసారి వచ్చింది, రెండోవాడికి అదీ రాలేదు.

తిరిగొచ్చాక ఆ టార్చ్ పట్టుకున్నవాడికి కాపర్ పైపు ముక్కలిచ్చి ఒక జాయింట్ బ్రేజింగ్ చేయమన్నాను, అంటే పైపును ఎర్రగా కాల్చి, రాడ్ కరిగించి అతకడం. పైకి బాగానే ఉంది, రాడ్ చుట్టూ సమంగా పారింది. చల్లారాక హాక్సా బ్లేడుతో నిలువుగా కోసి చూపించాను. లోపల నల్లగా ఉంది, వేలితో రుద్దితే పొలుసులు పొలుసులుగా ఊడొచ్చింది. కాపర్‌ని అంత ఎర్రగా కాలిస్తే లోపలున్న గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆ పొలుసు పుడుతుంది. అందుకే బ్రేజింగ్ చేస్తున్నంతసేపూ పైపులో నైట్రోజన్‌ని సన్నగా వదులుతూ ఉండాలి. మంచినీళ్ల పైపుకు సోల్డర్ పెట్టేటప్పుడు అంత వేడి అవసరం లేదు, కాబట్టి ప్లంబింగ్ నుంచి వచ్చిన కుర్రాడికి ఈ సంగతి తనంతట తట్టదు, ఎవరో ఒకరు నేర్పాల్సిందే. ఏసీలో మాత్రం ఆ పొలుసు కొట్టుకుపోయి గ్యాస్ వెళ్లే సన్నని దారులైన క్యాపిలరీలోనో ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోనో అడ్డం పడుతుంది, ఆయిల్‌తో కలిసి కంప్రెసర్‌లోకీ వెళ్తుంది. ఎందుకు నైట్రోజన్ పెట్టలేదురా అని అడిగితే, "దండగ ఖర్చు, బయట ఎవరూ పెట్టరు అన్నారన్నా సారు" అన్నాడు. నాకు కడుపు మండిపోయింది.

గ్యాస్ ఎక్కించేముందు పైపుల్లోని గాలిని, తడిని పంపుతో లాగేయడమే వాక్యూమ్, ఆ విషయంలోనూ ఇదే తంతు. పంపు కాసేపు నడిపి, గేజ్ ముల్లు కిందకు దిగితే అయిపోయినట్టేనని నేర్పారు. గ్యాస్ ప్రెజర్ చూసే మామూలు మానిఫోల్డ్ గేజ్‌లో లోపల తడి మిగిలిందో లేదో తెలియదు, దానికి చాలా తక్కువ ప్రెజర్‌ని కూడా కొలిచే మైక్రాన్ గేజ్ కావాలి. సాధారణంగా 500 మైక్రాన్ల కిందకు లాగి, వాల్వ్ మూసి, రీడింగ్ మళ్లీ పైకి ఎక్కుతోందేమో ఆగి చూడాలి. ఎక్కుతూ పోతే లీకైనా ఉంది, తడైనా ఉంది. ప్రెజర్ బాగా తగ్గితే నీళ్లు మామూలు గది వేడికే మరిగి ఆవిరైపోతాయి, వాక్యూమ్‌తో తడి లాగేసేది అలాగే. ఆర్410ఏ, ఆర్32 అనే గ్యాస్‌లతో నడిచే యూనిట్లలో ఎక్కువగా వాడే పీఓఈ అనే కంప్రెసర్ ఆయిల్ తడిని ఇట్టే పీల్చుకుంటుంది, తర్వాత లోపల యాసిడ్ తయారవుతుంది, కంప్రెసర్ పోతుంది. అసలు ఆ సెంటర్‌లో మైక్రాన్ గేజ్ అనేదే లేదట.

అన్నిటికంటే నాకు భయం వేసింది ఇక్కడ. టైమ్ లేకపోతే వాక్యూమ్ మానేసి, అవుట్‌డోర్ యూనిట్‌లోని గ్యాస్‌నే కొంచెం వదిలి పైపులోని గాలిని బయటకు తోసేయమని చెప్పారు! ఇప్పుడు వస్తున్న చాలా ఏసీల్లో ఉండేది ఆర్32, అది మంట అంటుకునే రకం, కాకపోతే తక్కువ స్థాయిలో. కొత్త ఫ్రిజ్‌లలో వాడే ఆర్600ఏ, కొన్ని ఏసీల్లో వాడే ఆర్290 అయితే ఇంకా తేలిగ్గా అంటుకుంటాయి, ఆర్290 అంటే ప్రొపేనే. పక్కనే టార్చ్ వెలిగించే పనిలో ఉన్న కుర్రాడికి గ్యాస్ బయటకు వదలమని నేర్పడం ఏం చదువండీ? ఆర్410ఏకి అలా అంటుకునే గుణం లేదు, కానీ ఒక కిలో గాల్లో కలిస్తే రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినంతగా భూమిని వేడెక్కిస్తుంది. ఇలాంటి గ్యాస్‌లను తగ్గించాలని 2016లో రువాండా రాజధాని కిగాలీలో దేశాలన్నీ ఒప్పందం చేసుకున్నాయి, ఇకముందు అంటుకునే గ్యాస్‌ల వాడకమే పెరుగుతుంది. అంటే మన పిల్లలు రేపు పని చేయబోయేది వాటి మీదే.

గ్యాస్ ఛార్జింగ్ అంటే పైపు మీద చెయ్యి పెట్టి చల్లబడేదాకా ఎక్కించడం అట. తూకం యంత్రం మూలన పెట్టె కూడా విప్పకుండా ఉందని మావాడు చెప్పాడు. ఆర్410ఏ రెండు గ్యాస్‌ల మిశ్రమం, సిలిండర్ నుంచి లిక్విడ్‌గానే తీసి, యూనిట్ మీద రాసి ఉన్న బరువు ప్రకారం ఎక్కించాలి. లీక్ టెస్టుకు నైట్రోజనే వాడాలి, ఆక్సిజన్ ఎక్కిస్తే కంప్రెసర్ ఆయిల్‌తో కలిసి పేలుతుంది, మనుషులు పోతారు. ఈ ముక్క మొదటి రోజే చెప్పాలి. కోర్సు అయిపోయేదాకా ఎవరూ చెప్పలేదు.

ఇక హీటింగ్. సర్టిఫికెట్ మీద పెద్ద అక్షరాలతో ఉంది, నేర్పింది మాత్రం ఒక పూట తెర మీద బొమ్మలు చూపించడం. బాయిలర్ లేదు, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు లేదు. మూసి ఉన్న సిస్టమ్‌లో నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి, చల్లటి నీళ్లను మరిగేదాకా తెస్తే దాదాపు 4 శాతం పెరుగుతాయి, ఆ పెరిగిన నీటికి చోటు లేకపోతే, ప్రెజర్ పెరిగినప్పుడు నీళ్లను బయటకు వదిలే రిలీఫ్ వాల్వే దిక్కు. అది కారుతోందని దానికి బిరడా కొట్టే మహానుభావులను నేను చూశాను. గ్యాస్ హీటర్ పొగ గొట్టం సరిగా లేకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ఇంట్లో పడుకున్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. ఈ రెండూ నేర్పకుండా హీటింగ్ వచ్చని కాగితం ఇచ్చి పంపడం చాలా పెద్ద తప్పు.

రిఫండ్ అడిగితే ముందు "సారు లేరు" అన్నారు, తర్వాత పిల్లలు అటెండెన్స్‌లో సంతకం పెట్టారు కాబట్టి కోర్సు పూర్తయినట్టే అన్నారు, ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. రసీదు మీద కూడా ఉత్త "ట్రైనింగ్ ఫీజు" అని ఉంది, ఏమేం నేర్పుతారో ఒక్క ముక్క లేదు. మీరు కట్టేటప్పుడు సిలబస్‌ని, ఒక్కొక్కరు చేతితో ఎన్ని జాయింట్లు చేస్తారో, ఎన్నిసార్లు వాక్యూమ్ పెడతారో రాయించుకుని సంతకం, ముద్ర వేయించుకోండి.

చేరేముందు క్లాస్ నడుస్తున్న టైమ్‌లో వెళ్లండి, ఖాళీ హాలు చూపిస్తే ఒప్పుకోవద్దు. పాత బ్యాచ్ పిల్లలు చేసిన జాయింట్ ఒకటి కోసి చూపించమనండి, లోపల కాపర్ రంగు ఉందో నల్లగా ఉందో మీ కళ్లతో చూడండి. వాక్యూమ్ పంప్ అద్దంలో ఆయిల్ తెల్లగా పాలలా ఉంటే దానిలో తడి చేరి ఎవరూ మార్చడం లేదని అర్థం, ఆ పంపుతో ఏం నేర్పుతారు? నైట్రోజన్ సిలిండర్, రెగ్యులేటర్, గ్యాస్ వెనక్కి తీసే రికవరీ మెషిన్, తూకం యంత్రం వాడుకలో ఉన్నాయో లేదో చూడండి. కోర్సు పేరులో హీటింగ్ ఉంటే బాయిలర్ ఎక్కడుందో చూపించమని అడగండి. మా ఇద్దరికీ ఇప్పుడు బ్రేజింగ్ నుంచి మళ్లీ మొదలుపెట్టించాను, నాకు తెలిసిన ఒక పాత ఏసీ మెకానిక్ దగ్గర. మీలో ఎవరైనా నిజంగా చేతితో చేయించే చోట నేర్చుకుని ఉంటే, అక్కడ ఏమేం చేయించారో కింద రాయండి.