మిల్లు పాత లెక్కలకు రెండు హార్డ్ డిస్కులు: ఏడేళ్లు వాడాక

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. 2018లో ఆఫీసు కంప్యూటర్ నిండిపోయి లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ తెరుచుకోవడానికే ఐదు నిమిషాలు పట్టేది. పాత ఫైళ్లు పక్కకు తీద్దామని ఒక టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు రెండు కొనిపించాను. "ఎప్పటివో లెక్కలు, ఎవరు చూస్తరయ్యా? తీసెయ్" అన్నారు మా సేటు.

అంతకుముందు డీవీడీలుండేవి. ఒక్కోదాంట్లో 4.7 జీబీ, మొత్తం నలభై దాకా. రేకుల గదిలో మా ఎండలకు వాటిలో పదకొండు పాడయ్యాయి. మిగతావి చదవడానికి ఇప్పటి కంప్యూటర్లకు డ్రైవే రావడం లేదు.

డిస్కులు మాత్రం రెండూ పనిచేస్తున్నాయి. ఒకదాని కేబుల్‌ను ఎలుకలు కొరికాయి, మిల్లులో వాటికి కొదవా! రెండోదాని పోర్టు వదులైంది, వైరు కొంచెం వంచి పట్టుకుంటేనే కనెక్టవుతుంది. పెద్ద ఫైళ్లు త్వరగానే ఎక్కుతాయి. కాంటా చీటీల స్కాన్లు వేలల్లో ఉంటే మాత్రం సాయంత్రం పెట్టి పొద్దున చూసుకోవాల్సిందే, జిప్ చేసి పంపితే నయం. తవుడు దుమ్ముకు భయపడి స్టీలు డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఒకటి బీరువాలో పెట్టాను. రెండోది నల్గొండలో మా ఇంట్లో ఉంటుంది. బయట ఉండేది కాబట్టి దానికి విండోస్‌లో ఉండే తాళం బిట్‌లాకర్ పెట్టి, పాస్‌వర్డ్ మరిచిపోతే తెరిచే రికవరీ కీ కాగితం మీద రాసి సేటుకిచ్చాను. చిప్పుల మీద దాచే కొత్తరకం డిస్కు, ఎస్ఎస్‌డీ, కొనమన్నవాళ్లున్నారు కానీ, కరెంటు తగలకుండా ఏళ్లపాటు పడి ఉండే డేటాకు అది సరిపడదు.

అసలు పరీక్ష 2023లో వచ్చింది. 2017-18 జీఎస్టీ మీద నోటీసు, గోనె సంచుల కొనుగోలు బిల్లులు చూపమని. బిల్లులు డిస్కులోనే ఉన్నాయి, కానీ ఎక్కడ? 'న్యూ ఫోల్డర్ 3', 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది'... అన్నీ నేను పెట్టిన పేర్లే. రెండు రోజులు టెన్షన్‌తో వెతికాను. అప్పటినుంచి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టి ఏ ఏడాది కాగితాలు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో రాస్తున్నాను. డిస్కు కన్నా ఆ నోట్‌బుక్కే ఎక్కువ పనికొచ్చింది.

ఇంకో చిక్కు టాలీ పాత వెర్షన్ 7.2 నాటి డేటా. ఫైలు చెక్కుచెదరలేదు, కానీ ఇప్పటి వెర్షన్ టాలీ ప్రైమ్ దాన్ని నేరుగా తీసుకోదు. తెలిసినవాళ్ల ఆఫీసులో ఆ రెండింటి మధ్య వెర్షన్ టాలీ ఈఆర్‌పీ 9లోకి మార్పించి, లెడ్జర్లన్నీ పీడీఎఫ్ చేయించాను. ఇప్పుడు ప్రతి మార్చి తర్వాత బ్యాకప్‌తో పాటు పీడీఎఫ్ కూడా తీస్తున్నాను.

జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. అప్పీలు నడుస్తుంటే ఇంకా ఎక్కువ. అది దాటినవాటిని కూడా నేను తీసేయలేదు, సీసీటీవీ క్లిప్పులు మాత్రం తీసేశాను.

ఏటా దసరా పూజకు రెండు డిస్కులనూ ఒకచోట చేర్చుతాను. బొట్టు మాత్రం స్టీలు డబ్బా మీదే పెడతాం, కుంకుమ పోర్టులో పడితే కష్టం. మర్నాడు రెండింటినీ కంప్యూటర్‌కు పెట్టి, అక్కడో ఇక్కడో ఫైళ్లు తెరిచి చూస్తాను. పోర్టు వదులైనదాని బదులు ఈసారి కొత్తది కొంటున్నాం. అడగకుండానే సేటు డబ్బులిచ్చారు.