లైవ్ క్లాసా, రికార్డెడ్ కోర్సా, నేరుగా పరీక్షా: సర్టిఫికేషన్‌కు ఏది మేలు?

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్, క్లౌడ్, సైబర్ సెక్యూరిటీ వంటి రంగాల్లో సర్టిఫికేషన్ తెచ్చుకోవాలనుకునేవారి నుంచి ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఆన్‌లైన్ శిక్షణ సంస్థకు ఫీజు కట్టి లైవ్ క్లాసులలో చేరడం మంచిదా, కోర్సెరా, యుడెమీ వంటి చోట్ల రికార్డెడ్ పాఠాలు చూసుకుంటే సరిపోతుందా, లేక సిలబస్ ముందు పెట్టుకుని సొంతంగా చదివి నేరుగా పరీక్ష రాయవచ్చా? అడిగేవారిలో చాలామంది ఫీజును, క్లాసుల గంటలను, ట్రైనర్ అనుభవాన్ని పక్కపక్కన పెట్టి లెక్క చూస్తున్నారు. అవి చూడవలసినవే. అయితే నా దృష్టిలో వాటికన్నా ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉంది: చివర పరీక్ష పెట్టేది ఎవరు? పాఠం చెప్పిన సంస్థేనా, ఆ పాఠంతో సంబంధం లేని మరో సంస్థా?

పాఠం చెప్పినవారే పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు, ఫీజు కట్టిన అభ్యర్థిని ఫెయిల్ చేయడం వల్ల ఆ సంస్థకు ఒరిగేదేమీ ఉండదు. అందుకే ఇటువంటి కోర్సుల చివర సాధారణంగా కనిపించేది ఒక చిన్న క్విజ్. తప్పినవారు మళ్ళీ రాయవచ్చు, మళ్ళీ తప్పితే మళ్ళీ రాయవచ్చు. చేతికి వచ్చే కాగితాన్ని ఒకసారి నిదానంగా చదివి చూడండి. పేరు ఉంటుంది, కోర్సు పేరు ఉంటుంది, తేదీ, సంతకం ఉంటాయి; ఎన్ని మార్కులు వచ్చాయన్నది చాలావరకు ఉండదు. వ్యక్తులకు సర్టిఫికేషన్ ఇచ్చే సంస్థలకు నియమాలు చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ/ఐఈసీ 17024 కూడా, శిక్షణ, సర్టిఫికేషన్ రెండూ ఒకే సంస్థ చేతిలో ఉండటాన్ని నిష్పాక్షికతకు ముప్పుగానే పరిగణిస్తుంది.

దీనికి భిన్నంగా కాంప్‌టియా సంస్థ సైబర్ సెక్యూరిటీలో పెట్టే సెక్యూరిటీ ప్లస్ పరీక్షను తీసుకుంటే, 90 నిమిషాల్లో గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 100 నుంచి 900 వరకు ఉండే కొలమానంలో ఉత్తీర్ణతకు 750 రావాలి. మీరు ఎక్కడ నేర్చుకున్నారో, ఎంత కట్టి నేర్చుకున్నారో ఆ పరీక్షకు అక్కరలేదు. అమెజాన్ క్లౌడ్ సర్టిఫికేషన్లు, సిస్కో ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్ సీసీఎన్ఏ కూడా ఇదే తీరు. వీటన్నిటికీ మూడేళ్ళ గడువు ఉంటుంది. కోర్సు పూర్తి చేసినందుకు ఇచ్చే సర్టిఫికెట్‌కు సాధారణంగా గడువే ఉండదు. అది మీకు ఇప్పుడు ఏమి వచ్చునో చెప్పదు గనుక, పాతబడే ప్రశ్న రాదు.

ఈ విషయం తేలితే మిగిలిన పోలిక చాలా చిన్నదవుతుంది. పరీక్ష మరొకరిదైనప్పుడు లైవ్ క్లాసు గానీ, రికార్డెడ్ కోర్సు గానీ పరీక్షకు తయారయ్యే మార్గాలు మాత్రమే. ఏ మార్గంలో మీరు చివరిదాకా నడవగలరన్నదే అప్పుడు చూడవలసినది.

రికార్డెడ్ కోర్సులకు ఉన్న పెద్ద లోపం అందరికీ తెలిసిందే: మొదలుపెట్టినవారిలో పూర్తి చేసేవారు తక్కువ. హార్వర్డ్, ఎంఐటీ సంస్థలు ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎడ్ఎక్స్‌లో నడిపిన కోర్సుల మీద 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, 2017-18లో చేరినవారందరిలో పూర్తి చేసినవారు సుమారు 3 శాతం. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవారిలో మాత్రం 46 శాతం. శిక్షణ సంస్థలు ఈ తరహా అంకెలను చూపించి లైవ్ బ్యాచ్‌లో చేరమంటాయి. కానీ డబ్బు కట్టినవారు మొదటినుంచీ పట్టుదల ఉన్నవారు కూడా కావచ్చు కదా. పైగా, లైవ్ బ్యాచ్ టైమ్‌టేబుల్ చేసే పనిని పరీక్ష తేదీ కూడా చేస్తుంది. ముందే ఫీజు కట్టి ఆరేడు వారాల తర్వాతి తేదీని ఖరారు చేసుకున్నవారికి వీడియో వాయిదా వేసే వెసులుబాటు తనంతట తానే తగ్గిపోతుంది.

లైవ్ క్లాసు నిజంగా విలువ చేసేది సందేహం దగ్గర. సీసీఎన్ఏకు చదివేవారు సబ్‌నెట్టింగ్ (ఒక నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా విడగొట్టే లెక్క) దగ్గర ఆగిపోవడం మామూలే. /26 అని రాసిన భాగంలో 64 చిరునామాలు, నెట్‌వర్క్‌కు ఒకటి, బ్రాడ్‌కాస్ట్‌కు ఒకటి పోగా వాడుకోదగినవి 62 అని వీడియో పదిసార్లు చెబుతుంది. కానీ మీరు వేసిన లెక్కలో నెట్‌వర్క్ చిరునామాను కూడా కలిపేసుకుంటున్నారని వీడియో చెప్పలేదు, మీ కాగితం చూసిన ట్రైనర్ ఒక్క నిమిషంలో చెబుతాడు. అయితే ఒక బ్యాచ్‌లో వంద మంది ఉంటే, ప్రశ్నలు చాట్‌లో రాసి జవాబు కోసం ఎదురుచూడవలసి వస్తే, అది లైవ్ పేరుతో నడిచే వీడియోయే. చేరేముందు బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారో అడగడం అందుకే ముఖ్యం. చదువు వదిలి చాలా ఏళ్ళయినవారికి, ఫీజును కంపెనీ భరిస్తున్నవారికి చిన్న బ్యాచ్ లైవ్ క్లాసు మంచి ఎంపికే.

కొన్ని సర్టిఫికేషన్ల విషయంలో ఎంపిక మన చేతిలో ఉండదు. స్క్రమ్ అనేది జట్టు పనిని చిన్న విడతలుగా నడిపే పద్ధతి; అందులో స్క్రమ్ అలయన్స్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫైడ్ స్క్రమ్‌మాస్టర్‌కు వారి గుర్తింపు ఉన్న ట్రైనర్ దగ్గర కోర్సు చేయడం తప్పనిసరి. అదే పనికి స్క్రమ్.ఆర్గ్ అనే మరో సంస్థ ఇచ్చే పీఎస్ఎమ్ సర్టిఫికేషన్ మొదటి స్థాయికి ఏ కోర్సూ అక్కరలేదు. 60 నిమిషాల్లో 80 ప్రశ్నలు, 85 శాతం రావాలి. కష్టమైనది రెండోదే, నేను సూచించేదీ రెండోదే. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో పీఎంఐ సంస్థ ఇచ్చే పీఎంపీ సర్టిఫికేషన్‌కు 35 గంటల శిక్షణ కావాలన్న నియమాన్ని చూపి లైవ్ బ్యాచ్ తప్పదని చెప్పేవారున్నారు. చివర మదింపు పరీక్ష ఉన్న దూరవిద్యా కోర్సు కూడా చెల్లుతుందని, సొంతంగా పుస్తకాలు చదివిన గంటలు మాత్రం చెల్లవని పీఎంఐ చేతిపుస్తకం చెబుతూ వచ్చింది. కాబట్టి పీఎంపీకి పూర్తిగా సొంత చదువు కుదరదు గానీ, రికార్డెడ్ కోర్సు కుదురుతుంది. సైబర్ సెక్యూరిటీలోని సీఐఎస్ఎస్‌పీ సర్టిఫికేషన్ విషయంలో అడ్డంకి శిక్షణ కానే కాదు, అయిదేళ్ళ పని అనుభవం. దాన్ని ఏ సంస్థా క్లాసులో ఇవ్వలేదు.

‘పాస్ కాకపోతే ఫీజు వాపసు’ అన్న హామీని చూసి మొగ్గేవారు షరతులు చదవాలి. అన్ని క్లాసులకూ హాజరు, మాక్ టెస్టులలో నిర్ణీత శాతం, కోర్సు ముగిసిన కొద్ది రోజుల్లోనే పరీక్ష వంటి మెలికలు వాటిలో ఉంటాయి. కొన్నిచోట్ల వాపసు అంటే రెండోసారి పరీక్ష ఫీజు మాత్రమే. ఇన్ని షరతులూ పాటించినవాడు హామీ లేకపోయినా గట్టెక్కుతాడు.

విశ్వవిద్యాలయం పేరు జోడించి నెలల తరబడి నడిపే కార్యక్రమాల గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. మూల్యాంకనం చేసేది ఆ విశ్వవిద్యాలయ అధ్యాపకులా, శిక్షణ సంస్థ సిబ్బందా అని అడిగి, జవాబును బట్టి నిర్ణయించుకోండి. గూగుల్ 2018 నుంచి కోర్సెరాలో ఇస్తున్న కెరీర్ సర్టిఫికెట్లు, ఆ రంగం తమకు నచ్చుతుందో లేదో తెలుసుకోవాలనుకునే కొత్తవారికి బాగుంటాయి.

నా మొగ్గు రికార్డెడ్ కోర్సు, మంచి మాక్ టెస్టులు, ముందే ఖరారు చేసుకున్న పరీక్ష తేదీ వైపే. వీటిలో ఖర్చు పెట్టదగినది మాక్ టెస్టుల మీద. పీఎంపీలో 2021లో వచ్చిన విధానం ప్రకారం 180 ప్రశ్నలకు 230 నిమిషాలు, మధ్యలో రెండు విరామాలు. విరామం తీసుకున్నాక వెనకటి ప్రశ్నలకు వెళ్ళడానికి వీలుండదు. ఇటువంటి కట్టుబాటులో కనీసం రెండుసార్లు పూర్తి నిడివి మాక్ రాయనివారు విషయం వచ్చినా సమయం దగ్గర దెబ్బతింటారు. ఇక ‘జీవితకాల యాక్సెస్’ కోసం అదనంగా కట్టకండి. సిలబస్ మారినప్పుడు పాత వీడియోలు పనికిరావు, సర్టిఫికేషన్ పొడిగింపుకూ అవి అక్కరలేదు: పీఎంపీకి మూడేళ్ళలో కావలసిన 60 పీడీయూలలో (వృత్తిపరంగా నేర్చుకోవడానికి వెచ్చించిన గంటల లెక్క) చాలా భాగాన్ని పీఎంఐ సభ్యులకు అందే వెబినార్లతోనే కూడబెట్టుకోవచ్చు.